హన్మకొండల సండే డిజిటల్ పెయింటింగ్ బ్యాచ్: దేనికి పైసలు పెట్టొచ్చు, దేనికి వద్దు

ముందే చెప్తున్న, సాఫ్ట్‌వేర్ నేర్చుకుందాం అనుకునేటోళ్లు ఇక్కడ పైసలు కట్టకుండ్రి. బొమ్మలు ఆల్రెడీ వేస్తుండి, ఏడాది సంది అదే డ్రాగన్, అదే కత్తి, అదే నీలం పొగ వేసుకుంట ఒక్క కాడ ఆగిపోయినోళ్లు ఉంటరు కదా, ఈ రివ్యూ వాళ్లకు.

నయీంనగర్ సైడు, కింద జిరాక్స్ షాపు, పైన రెండు రూములు. బోర్డు గిట్ల ఏం లేదు, తెలిసినోళ్లు చెప్తేనే తెలుస్తది. ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా అంటరు గానీ 2 అయితది. నెలకు 1500. పది పన్నెండు మంది వస్తరు, ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువ, ఇంక ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఒక అన్న, పెండ్లి ఆల్బమ్‌లు చేసే తమ్ముడు, ఇంటర్ చదివే ఒక చెల్లె, సర్కారు బడి టీచర్ మేడం ఒకామె. నడిపే సార్ హైదరాబాద్‌ల గేమ్ ఆర్ట్ పని చేసి ఇటు వచ్చేసిండు. అందరం ఫాంటసీ పిచ్చోళ్లమే, రాక్షసులు, కోటలు, వనదేవతలు, ఎగిరే ఏనుగులు, ఇదే లోకం.

నెలల మొదటి ఆదివారం సాఫ్ట్‌వేర్ క్లాస్ ఉంటది, లేయర్లు (బొమ్మను పొరలు పొరలుగ వేసుకునుడు), మల్టిప్లై, ఓవర్‌లే (ఒక పొర కింది పొర తోని కలిసే తీర్లు), బ్రష్ సెట్టింగులు. మంచిగనే చెప్తడు గానీ ఇదంత యూట్యూబ్‌ల ఉన్నదే, క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ అయితె ఫ్రీనే, దాన్ని పెట్టుకొని రెండు వారాలు గెలికితె వచ్చేస్తది. పెన్ను తోని బొమ్మలేసే ట్యాబ్లెట్ గురించి కూడ మస్తు మంది అడుగుతరు, స్క్రీన్ లేని చిన్నది చాలు, మొదట్ల చెయ్యి ఒక దిక్కు చూపు ఒక దిక్కు అయి చిరాకు వస్తది, తర్వాత అలవాటు అయితది. డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను ఎంత గట్టిగ నొక్కినవో పట్టే మెట్లు) అని పెద్దగ రాస్తరు, 4096 దానికి దీనికి తేడా నా చేతికైతె తెల్వలే.

అసలు ముచ్చట స్టడీలు. స్టడీ అంటె ఫొటోనో పాత పెయింటింగో ఎదురుంగ పెట్టుకొని మక్కీకి మక్కీ దించుడు అని చానా మంది అనుకుంటరు, ఇక్కడ అట్ల కాదు, ఒక్కో స్టడీకి ఒక్కటే ప్రశ్న ఉంటది. పాత డచ్ పెయింటర్ రెంబ్రాంట్ బొమ్మ ఇస్తె, మొత్తం బొమ్మను మూడే మూడు షేడ్లల వెయ్యాలె, నలుపు, బూడిద, తెలుపు, అంతే. అట్ల వేసినంక తెలుస్తది, ఆయన కాన్వాస్‌ల సగానికి పైన చీకట్లకే వదిలేసిండు, వెలుగు మొఖం మీద చేతుల మీద మాత్రమే, భుజం అంచు ఎక్కడ అయిపోయి చీకటి ఎక్కడ మొదలైందో గీత పెట్టి చెప్పలేం. రవివర్మ బొమ్మ ఇస్తె ప్రశ్న నగల మీద. బంగారం అంటె మనం పసుపు పచ్చ పూసేస్తం, కానీ దగ్గరికి జూమ్ చేసి చూస్తె ఎక్కువ భాగం ముదురు గోధుమ రంగు, లేత రంగు సన్నటి చుక్కలు నాలుగే పెడుతడు, ఆ చుక్కల తోనే మెరుస్తది. ఐడ్రాపర్ (బొమ్మ మీద నొక్కితె అదే రంగు ఎత్తిచ్చే టూల్) తోని రంగు ఎత్తుకునుడు బంద్, కంటి తోని చూసి కలపాలె. ఇంకో రూల్, ఈ వారం చేసిన స్టడీల నేర్చుకున్నది వచ్చే వారం సొంత బొమ్మల కనవడాలె, లేకపోతె ఆ స్టడీ లెక్కల లేదు. ఈ రూల్ ఒక్కటే 1500 చేస్తదంట నేను.

బయటికి కూడ తీస్కపోతడు. మిర్చి వచ్చే సీజన్‌ల ఎనుమాముల మార్కెట్‌కు పోయినం, ఫాంటసీ బొమ్మలకు మార్కెట్ ఎందుకురా అని మా వాళ్లే నవ్విండ్రు. హమాలీలు బస్తా ఎత్తి భుజం మీద వేసుకునేటప్పుడు ముప్పై సెకన్లల ఆ మనిషి మొత్తం గీయాలె. బస్తా కుడి భుజం మీద ఉంటె నడుము ఎడమకు జరుగుతది, మెడ వంగుతది, బరువంత ఒక్క కాలి మీదికి వస్తది. ఇది ఒంటికి ఎక్కకపోతె మన రాక్షసుడు ఎంత పెద్ద గద పట్టుకున్నా అది థర్మాకోల్ గద లెక్కనే ఉంటది. అక్కడే ఇంకోటి కూడ దొరికింది. ఎండల ఎర్రటి మిర్చి కుప్ప పక్కన నిలబడ్డోళ్ల గదువ కింద, తెల్ల అంగీ కింది అంచు మీద ఎర్ర ఛాయ పడ్తది. ఆల్బమ్ తమ్ముడు తర్వాత లావా గుహల నిలబడ్డ సైనికున్ని వేసిండు, ఎరుపు ఎక్కడ పడాలె ఎక్కడ పడొద్దు అనేది ఎవరు చెప్పకుండనే కరెక్ట్‌గ పెట్టిండు, మిర్చి కుప్పనే చూస్కొని వేసిన అన్నడు.

రామప్పకు పోయిన రోజు అయితె వేరే లెవెల్. పాలంపేట, వరంగల్ నుంచి 70 కిలోమీటర్ల దాకా ఉంటది, పొద్దుగాలనే బండ్ల మీద పోయినం. గుడి గురించి అందరికి తెలిసిందే, గణపతిదేవుని కాలంల రేచర్ల రుద్రుడు కట్టించిండు, 1213 అని శాసనం, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. సార్ చరిత్ర చెప్పలేదు, రాయిని చూడమన్నడు. గోడలది ఎర్రటి ఇసుకరాయి, వెలుగు దాని మీద పడి అన్ని దిక్కులకు చెదిరిపోతది, అందుకే వెలుగు నుంచి నీడకు మెత్తగ మారుతది. లోపలి స్తంభాలు, బయట చూరు కింది మదనికలు (ఆడోళ్ల శిల్పాలు) నల్ల రాయి, నున్నగ పాలిష్. అక్కడ మెత్తగ మారుడు ఉండది, నలుపు నలుపే, నడుమ ఒక్క తెల్ల గీత తళుక్కుమంటది, దాని పక్కనే ఎదురుంగ ఉన్న గోడ ఛాయ మసకగ కనవడ్తది. ఒకే గుడిల రెండు మెటీరియల్స్, రెండు రకాల లైటు. బొమ్మల కవచం రాయి లెక్క, రాయి ప్లాస్టిక్ లెక్క కనవడుతుందంటె ఈ తేడా తెల్వకనే.

మదనికల మధ్యల ఏనుగు మీదికి ఎక్కిన సింహం లాంటి వింత జంతువు బొమ్మలు ఉంటయి, గజకేసరులు. మనం డ్రాగన్ డ్రాగన్ అనుకుంట ఎక్కడెక్కడో రెఫరెన్స్ వెతుకుతం గానీ మన దగ్గర ఎనిమిది వందల ఏండ్ల కింద క్రియేచర్ డిజైన్ చేసి పెట్టిండ్రు. లేని జంతువే అది, అయినా నమ్ముతం, ఎందుకంటె కాలు ఎక్కడ నుంచి మొదలైతదో, భుజం ఎట్ల తిరిగిందో శిల్పికి తెలుసు. ఇదే మాట మీద రెక్కల లొల్లి నడిచింది వాపస్ వచ్చేటప్పుడు. గబ్బిలం రెక్క అంటె చెయ్యే, పొడుగు సాగిన వేళ్ల మధ్య తోలు. మరి నాలుగు కాళ్ల డ్రాగన్‌కు వీపు మీద రెక్కలు పెడితె అవి ఆరు అవయవాలు అయితయి, ఆ రెండు చేతులకు ఇంకో జత భుజం ఎముకలు కావాలె, ఎగరాలంటె ఛాతీ కండ పెద్దగ ఉండాలె. పెట్టొద్దు అని కాదు, ఎముక ఎక్కడ పెట్టినవో నీకు తెల్వాలె అంతే. ములుగుల చాయ్ తాగుడు అయిపోయినా ఆ లొల్లి అయిపోలే.

ఇగ క్రిటిక్, అంటె ఒకరి బొమ్మను అందరు కూసొని విడమర్చి చూసుడు. ఇన్‌స్టాల బొమ్మ పెడితె సూపర్ అన్న, ఫైర్ అన్న, కేక అన్న, దాంతోని ఏం నేర్చుకుంటం. ఇక్కడ బొమ్మ పెద్ద స్క్రీన్ మీద వేస్తరు, వేసినోళ్లు నోరు తెరవొద్దు. ముందు మిగిలినోళ్లు చెప్పాలె, కన్ను ఫస్ట్ ఎక్కడికి పోయింది, తర్వాత ఎక్కడికి, ఈడ కథ ఏం జరుగుతుంది. బాగుంది, బాలేదు అనే మాటలు ఈ రౌండ్‌ల నడవయి. అది అయినంకనే వేసినోళ్లు మేము చెప్పాలనుకున్నది ఇది అని చెప్తరు. రెండిటికి ఎంత దూరం ఉందో అక్కడనే తెలిసిపోతది. అప్పుడు బొమ్మను అద్దంల లెక్క తిప్పుతరు, క్రిటాల ఎం నొక్కితె చాలు, వంకర కన్ను, ఒరిగిన కోట బురుజు వెంటనే బయటపడ్తయి. పైన ఒక నల్ల లేయర్ వేసి కలర్ మోడ్‌ల పెడితె రంగులన్ని పోయి బ్లాక్ అండ్ వైట్ అయితది. చివరికి గోరంత సైజుకు తగ్గిస్తరు.

ఇంటర్ చెల్లె వనదేవత బొమ్మ తెచ్చింది ఒకసారి. ఆకు ఆకు వేసింది, ఎన్ని రాత్రులు కూసున్నదో పాపం. గోరంత సైజుకు తగ్గించంగనే దేవత మాయం, ఆకులే ఉన్నయి. మొఖం షేడు, వెనక చెట్ల షేడు ఒకటే ఉండె. టీచర్ మేడం అన్నది, బిడ్డా నువ్వు ఆకు ఎంత ప్రేమగ వేసినవో మొఖం కూడ అంతే ప్రేమగ వేసినవ్, అందుకే దేనికి దారి ఇయ్యలే అని. ఫ్లెక్సీ అన్న, మొఖం వెనక పొగమంచు పెట్టు, చెట్లు లేతగ అయితయి, ముదురు జడ ఎగిరి కనవడ్తది అన్నడు. సార్ వేరే లేయర్ మీద అదే చేసి చూపించిండు, రెండు నిమిషాల పని. ఆమె ఇంటికి పోయి సగం ఆకులు తుడిచేసి మళ్ల తెచ్చింది, ఎదురుంగ గోడ కాడ నిలబడి చూసినా దేవతనే కనవడింది. ఆ రోజే సార్ చేర్యాల పటం ఫొటో పెట్టిండు, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద చదునైన రంగులు, నల్ల గీత. కథ చెప్పేటోళ్లు ఊర్లల్ల ఆ పటం వేలాడదీసి పాడుతుంటె దూరం కూసున్నోనికి కూడ ఎవరు రాజు ఎవరు రాక్షసుడు తెల్వాలె, గోరంత సైజు టెస్ట్ మనోళ్లు ఎప్పుడో పాస్ అయిండ్రు.

ఫ్లెక్సీ అన్న బొమ్మల మీద కూడ గట్టిగనే పడ్తది. కలర్ డాడ్జ్ (రంగును వెలిగేటట్టు చేసే మోడ్) అంటె ఆయనకు పానం, కత్తికి గ్లో, కండ్లకు గ్లో, చెట్టుకు గ్లో. అన్ని వెలిగితె ఏది వెలుగుతలేదు అని నేనే చెప్పిన ఒకసారి, ఏం ఫీల్ కాలేదు, మంత్రం చదివే చేతికి ఒక్కదానికే ఉంచి మిగిలినయి తీసేసిండు, నేను చూసిన ఆయన బొమ్మలల్ల అదే బెస్ట్.

మైనస్‌లు చెప్పకపోతె రివ్యూ ఎట్లయితది. ఒకటి టైం. మొదటి నాలుగు బొమ్మల మీద ఇరవై నిమిషాలు ఇరవై నిమిషాలు మాట్లాడుతరు, చివర్ల ఉన్నోళ్లకు ఐదు నిమిషాలు, అప్పటికి అందరికి ఆకలి. ముందు పోయి పేరు రాయించుకోవాలె. రెండోది, ఇది జర సీరియస్, సార్ పెయింట్‌ఓవర్ చేస్తె, అంటె మన బొమ్మ మీదనే తను వేసి సరిచేస్తె, బొమ్మ నిజంగనే బాగయితది గానీ అందరి బొమ్మలు ఆయన బొమ్మల లెక్క అయితున్నయి. నీడల నీలం, వెలుగుల నారింజ, పొగమంచు, ఆరు నెలలు పాతోళ్ల ఫోల్డర్లు తెరిస్తె ఒక్కరే వేసినట్టుంటయి. ఈ మాట ఆయన ముందట కూడ అన్నం, ఒప్పుకున్నడు, ఇప్పుడు కొన్ని వారాలు తను పెన్ను పట్టకుండ నోటితోనే చెప్తున్నడు. నా లెక్కల నోటితో చెప్పినప్పుడే ఎక్కువ పనికొస్తది, ఎట్ల సరిచెయ్యాలో మనమే తిప్పలు పడ్తం కాబట్టి. మూడోది, ఎనిమే స్టైల్ వేసే పిల్లలకు ఇక్కడ జర చిన్నచూపు ఉంది, సార్ నుంచి కాదు, సీనియర్ల నుంచి. స్టైల్ మీద కామెంట్ వద్దు అనే రూల్ ఉంది గానీ నోర్లు ఆగయి.

ఏఐ బొమ్మ తెచ్చి నాది అన్నోళ్లు కూడ వచ్చిండ్రు. లొల్లి ఏం చెయ్యలే, లేయర్లు ఓపెన్ చెయ్యి తమ్మి అన్నరు, సొంతంగ వేసినోని కాడనే అవి ఉంటయి కదా, అంతే. ఇప్పుడు చానా మంది క్రిటాల, వేసేదంత వీడియో తీసే రికార్డర్ ఆన్ చేసుకొనే వేస్తరు, అది ఇంకో తీరుగ కూడ పనికొస్తది, ఎక్కడ టైం వేస్ట్ చేసినవో వీడియోల కనవడ్తది. నగల మీద రెండు గంటలు, చేతుల మీద పది నిమిషాలు, దాదాపు అందరిది ఇదే కథ.

స్టార్లు ఇయ్యమంటె క్రిటిక్‌కు 5, స్టడీలకు 5, సాఫ్ట్‌వేర్ క్లాస్‌కు 2, కుర్చీలకు 1. అసలే గీయరానోళ్లకు ఇది మొదటి మెట్టు కాదు, ఇంట్ల రోజూ అరగంట మనుషులను గీసి కొన్ని నెలల తర్వాత రండ్రి.

కొత్త బ్యాచ్ అని ఏం ఉండదు, ఏ ఆదివారం పోయినా కూసోవచ్చు, మొదటి రోజు పైసలు తీసుకోరు. పోయేటప్పుడు పూర్తయిన బొమ్మ వద్దు, సగంల ఉన్నది పట్టుకపోండ్రి, లేయర్లు కలపకుండ, ఎందుకంటె అయిపోయినదాని మీద ఎవరేం చెప్పినా మీకు మళ్ల ముట్టబుద్ధి కాదు. బండి మాత్రం జిరాక్స్ షాపు ముంగట పెట్టకుండ్రి, ఆ అన్న ఆదివారం కూడ తెరుస్తడు.