ఇనుప తీగ మోకుతో ఆరేళ్లు: బిగింపు పళ్ల సంగతి

పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలోనూ, అవతల పాతపట్నం వైపూ, ఇళ్ల మీదికి వాలిన చెట్లెక్కి, వాటిని ముక్కలుగా కోసి దించడం నా వృత్తి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తర్వాత, పూర్తిగా కూలిన చెట్లకంటె, కూలకుండా ఒరిగి నిలిచిపోయినవే మాకు ఎక్కువ పని పెట్టాయి. ఆ పనుల మధ్యనే, 2019లో, లోపల ఇనుప తీగ, పైన నూలులాగా అల్లిన తొడుగు, ఒక కొసన పళ్ల బిగింపు ఉన్న నడుం తాడు కొన్నాను. దాని మందమెంత, ఎంత బరువు ఆపుతుంది అన్న లెక్కలు పెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నాకు చెప్పాలనిపించేది ఆ బిగింపు గురించే.

మా నాన్న తాటిచెట్లు ఎక్కడానికి తన నడుముకూ మానుకూ కలిపి చుట్టి కట్టిన మోకు ఒకే కొలత. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది, మోకు వదులవుతుంది. నిటారు చెట్టు మీద ఆ వదులును కాలి పట్టుతో సర్దుకోవచ్చు కాని, ఒరిగిన చెట్టు మీద కుదరదు. ఒరిగిన మానుకు పైవైపు వీపు, కిందివైపు పొట్ట ఉంటాయని మేము అంటాము. మనిషి ఎప్పుడూ వీపు మీదే ఉండాలి. మోకు జానెడు వదులైనా చాలు, ఒళ్లు పక్కకు తిరిగి పొట్ట కిందికి వేలాడిపోతుంది. ఈ తాడుతో అయితే, ఒక చేయి మానును పట్టుకొని ఉండగానే రెండో చేత్తో తోక, అంటే బిగింపు దాటి మిగిలిన తాడు కొస, లాగితే పొడవు తగ్గుతుంది, పళ్లు 'చిటుక్కు'మని పట్టుకుంటాయి. పొడవు పెంచాలంటే బరువు తీసి బిగింపు పిడిని ఒత్తితే సరిపోతుంది. అడుగడుగుకూ రెండంగుళాలు బిగించుకుంటూ, మొదటిసారి ఒక వాలు చింతచెట్టు మీదికి ఎక్కిన రోజున, ఇన్నాళ్లూ ఇది లేకుండా ఎలా బతికానా అనుకున్నాను. అప్పట్లో కనబడిన ప్రతివాడికీ కొనమని చెప్పాను.

ఇప్పుడైతే చెప్పేముందు ఏ చెట్లు కోస్తావని అడుగుతాను.

మూడేళ్లు వాడిన తర్వాత, వానలు పడకముందే దించేయమని ఒక పెద్దావిడ తన పశువులశాల మీదికి ఒరిగిన పనసచెట్టు చూపించారు. మొదలు దగ్గర నేల ఉబ్బలేదు, వేళ్ల వైపు పగుళ్లు లేవు. అవి ఉంటే నేను ఆ చెట్టు ఎక్కను. పొద్దున్నుంచి ఆరు కొమ్మలు దించాను. పనసకు పాలెక్కువ అన్న సంగతి తెలియనివాడిని కాను, కాని ఆ పాలు రంపపు పొట్టుతో కలిసి బిగింపు పళ్ల సందుల్లో జిగురు ముద్దలాగా గట్టిపడుతున్నాయని గమనించలేదు. ఏడో కొమ్మకు చోటు మార్చి, తోక లాగి, బరువు వేశాను. రోజూ వినబడే ఆ 'చిటుక్కు' వినబడలేదన్న ఆలోచన నాకు వచ్చేసరికే తాడు మూరెడు జారింది. ఒళ్లు గిర్రున తిరిగి పొట్ట కిందికి పోయింది, మోకాలు మానుకు కొట్టుకుంది. పైనున్న పంగలోంచి వేసుకున్న అసలు తాడు నన్ను ఆపింది. మోటారు రంపం ఆగి, నడుముకు వేలాడుతూ ఉండటం నా అదృష్టం. కింద నుంచి ఆవిడ "ఏటైంది బాబూ, జారిపోనావా?" అని కేకేశారు. "లేదమ్మా, తాడు చూస్తన్నాను" అన్నాను. అబద్ధమే.

తర్వాత జరిగింది మరీ చిత్రం. పనస కోసిన చేతికి నూనె రాసుకుంటే పాలు వదులుతాయని ఎవరింట్లో అడిగినా చెబుతారు కదా, మా బావమరిది ఆ రాత్రి మంచి మనసుతోనే బిగింపు పళ్లకు కొబ్బరినూనె పట్టించి, శుభ్రంగా తుడిచి పెట్టాడు. పళ్లు అద్దంలాగా మెరిశాయి. నూనె మాత్రం తాడు తొడుగులోకి ఇంకిపోయింది. ఎందుకైనా మంచిదని మర్నాడు నేల మీదే, నడుమెత్తులో, ఒక మానుకు కట్టి వెనక్కి వాలి చూస్తే, బిగింపు ఎక్కడా ఆగకుండా మెల్లగా జారుతూ పోయింది. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగినా నమ్మకం కుదరక, ఆ తాడును నిచ్చెనలు కట్టుకోవడానికి వదిలేసి, బరంపురం నుంచి కొత్తది తెప్పించుకున్నాను. ఇప్పుడు పనస, మర్రి, రావి వంటి పాలచెట్ల పని ఉన్న రోజున మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి బిగింపును తాడునుంచి పూర్తిగా విప్పి, పాత పళ్ల బ్రష్షుతో ముద్దను గీకి, ఇనుప ముక్కను మాత్రమే కిరసనాయిలుతో తుడిచి, ఆరిన తర్వాతనే తిరిగి ఎక్కిస్తాను. ఎక్కిన ప్రతిచోటా 'చిటుక్కు' వినబడకుండా బరువు వేయను, రంపం పట్టే ముందు అసలు తాడు కూడా బిగువుగా ఉన్నదో లేదో చూసుకుంటాను.

రంపానికి తెగదని నేను చాలామందికి చెప్పిన మాటను కూడా కాస్త సవరించుకోవాలి. చేతిరంపం ఒక్క పోటు తగిలితే ఇనుప తీగ ఆపుతుంది, మనకు తెలివి తెచ్చుకొనే వ్యవధి ఇస్తుంది, అంతే. తిరుగుతున్న మోటారు రంపం తగిలితే ఇది కూడా తెగుతుంది. పైగా ఇనుము లాగినా సాగదు. ఒరిగిన సరుగుడు, నీలగిరి మాన్లను వెనకనుంచి గబగబా కోస్తే, కోత పూర్తికాకముందే మాను నిలువునా చీలి పైకి లేస్తుంది. ఆ చీలిక మోకు కట్టిన చోటికి దిగితే మాను లావెక్కి, మోకు బిగుసుకొని మనిషి నడుమును మానుకేసి నలిపేస్తుంది. అందుకని అలాంటి చోట, కోతకు దిగువన, మోకుకు పైన, మానును బిగింపు పట్టీతో చుట్టిన తర్వాతనే పని మొదలుపెడతాను. ముందు గాటు పెట్టి, రంపపు ముక్కును మధ్యలోకి పొడిచి, ముందు మడతబందులాగా కొంత కర్ర, వెనక పట్టులాగా కొంత కర్ర మిగిల్చి, చివరకు ఆ వెనక పట్టును తెంచుతాను. కరెంటు తీగ దగ్గరలో ఉంటే ఈ మోకు అసలు బయటికే తీయను. లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపి, ఆపానని చెప్పేవరకు చెట్టు దగ్గరికే పోను.

మా వానాకాలపు తేమకు లోపలి తీగ తుప్పు పట్టడం ఇంకో బెడద. పైకి ఏమీ తెలియదు, ఒకరోజు తొడుగు మీద గోధుమరంగు మరక కనబడుతుంది. అది కనబడితే తాడు మార్చేయడమే.

నా బరువు అరవై రెండు కిలోలు, నేనెక్కేవి ఎక్కువగా పెరటి చెట్లు, పైగా నా మోకాలు ఆ పనస తర్వాత పాతదానిలాగా లేదు కనుక ఒంటిచేత్తో సర్దుకొనే బిగింపు నాకు అవసరమే. రెండోది కూడా పాడైతే మూడోది కొంటాను. కొబ్బరిచెట్లు తప్ప మరేమీ ఎక్కని మా బావమరిదికి మాత్రం కొనమని చెప్పలేదు. అతడు ఇప్పటికీ మా నాన్న మోకుతోనే ఎక్కుతాడు, నూనె డబ్బాను మాత్రం నా సంచి దగ్గరికి రానివ్వడు.