స్వీపింగా, జెల్లా?

డ్యూ డేట్ దగ్గరపడినా నొప్పుల జాడ లేకపోతే డాక్టర్లు సాధారణంగా ఈ రెండింటి గురించే మాట్లాడతారు.

స్వీపింగ్: గర్భసంచి ముఖద్వారంలో వేలు పట్టేంత సందు ఉండాలి. డాక్టరు వేలు లోపలికి పోనిచ్చి గుండ్రంగా తిప్పుతూ ఉమ్మనీటి సంచి పొరను గోడ నుంచి విడదీస్తారు. అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు (హార్మోన్ల లాంటి రసాయనాలు) ఊరి ముఖద్వారం మెత్తబడుతుంది. పనిచేస్తే సాధారణంగా 48 గంటల్లో నొప్పులు మొదలవుతాయి. కొందరికి ఏమీ కాదు, మళ్ళీ చేయాల్సి రావచ్చు.

జెల్: ముఖద్వారాన్ని మెత్తబరిచే మందు డైనోప్రోస్టోన్ 0.5 మిల్లీగ్రాములు ముఖద్వారంలో పెడతారు. చాలకపోతే 6 గంటలకు ఇంకోటి. తొలి కాన్పైతే ప్రసవానికి రోజు దాటినా వింత కాదు.

ఖర్చు: స్వీపింగ్ ఓపీలోనే అయిపోతుంది. జెల్‌కి అడ్మిషన్, సీటీజీ (బిడ్డ గుండె వేగం, తల్లి నొప్పులు చూసే పరీక్ష), తరచూ నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ కూడా.

బాధ: స్వీపింగ్ ఆ రెండు నిమిషాలూ గట్టిగానే నొప్పెడుతుంది. జెల్ పెట్టడం తేలికే, తర్వాతి నొప్పులే తెరలు తెరలుగా.

రిస్కు: స్వీపింగ్ తర్వాత గులాబీ జిగురు, రక్తపు చుక్కలు, పొత్తికడుపు లాగుడు మామూలే. ప్యాడ్ తడిసేంత రక్తం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం మామూలు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జెల్‌తో గర్భసంచి అతిగా బిగుసుకుని బిడ్డ గుండె వేగం తగ్గవచ్చు. పాత సిజేరియన్ కుట్టు ఉంటే అది చిరిగే ముప్పు ఎక్కువ.

తల్లీబిడ్డా బాగుండి, రెండు మూడు రోజులు ఆగగలిగితే స్వీపింగ్. బీపీ పెరిగినా, 41 వారాలు దాటినా జెల్. మాయ (ప్లాసెంటా) ముఖద్వారాన్ని కప్పేస్తే రెండూ కుదరవు.