పారిస్ ఫోటోలో క్యూరేటర్ వెంట ఒక మధ్యాహ్నం

2024 నవంబరులో ‘పారిస్ ఫోటో’ చూడటానికి రెండు రోజులు కేటాయించుకున్నాను. 1997లో మొదలైన ఈ ఛాయాచిత్రాల సంత, గ్రాండ్ పాలే మరమ్మతుల వల్ల కొన్నేళ్లు వేరే చోట జరిగి, ఆ ఏడాదే సొంత గూటికి చేరింది. 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ భవనంలో గాజు కప్పు నుంచి దిగే వెలుతురులో ఫోటోలు చూడటమే ఒక భాగ్యం.

మొదటి రోజు ఒంటరిగా తిరిగాను. గ్యాలరీ తరువాత గ్యాలరీ, గోడ తరువాత గోడ. సాయంత్రానికి కళ్లు అలిసిపోయాయి తప్ప ఒక్క బొమ్మా మనసులో నిలవలేదు.

రెండో రోజు క్యూరేటర్ (ప్రదర్శనకు చిత్రాలను ఎంచి, వివరించే నిపుణురాలు) వెంట నడిచే బృందంలో చేరాను. ఆవిడ ఎక్కువ చోట్ల ఆగలేదు. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆగస్ట్ జాండర్ గోడ దగ్గరే చాలాసేపు నిలబెట్టారు. ఇరవయ్యో శతాబ్దపు జర్మన్లను వృత్తుల వారీగా, వర్గాల వారీగా తీసిన 600కు పైగా చిత్రాలు అక్కడ వరుసలుగా ఉన్నాయి. వాటిలో 1928 నాటి మిఠాయి వంటవాడి ముందుకు తీసుకెళ్లి, పేరు చదవకుండా ముందు చేతులు చూడమన్నారు. తెల్ల కోటు, భారీ శరీరం, చేతిలో పెద్ద గిన్నె, మన కళ్లలోకే చూస్తున్న చూపు. తరువాత పక్కనున్న రైతులను, అధికారులను అదే తీరులో చూడమన్నారు. ఎవరి పని వారి ఒంటి మీద ఎలా ముద్ర వేసిందో అప్పుడు తెలిసింది. జాండర్ పుస్తకపు అచ్చు పలకలను 1936లో నాజీలు ధ్వంసం చేశారని చెప్పినప్పుడు బృందంలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో మేలు కూడా జరిగింది. ఏ ఫోటో దగ్గరైనా రెండు తేదీలు అడగాలట: నెగటివ్ ఎప్పటిది, ప్రింటు ఎప్పటిది? తీసిన రోజుల్లోనే ముద్రించినదానికీ, యాభై ఏళ్ల తరువాత ముద్రించినదానికీ ధరలో ఎందుకంత తేడా ఉంటుందో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసింది. గ్యాలరీవారు కూడా ఓపికగానే చెబుతారు, కానీ వారు అమ్మకానికి కూర్చున్నవారు. హైదరాబాదులో ఆరో నిజాం కొలువు ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ ప్రింట్ల ముందు కూడా మనకు ఇలా చెప్పేవారు ఉండాలని గట్టిగా అనిపించింది.

బృందంలో చోటు దొరకకపోతే, మహిళా ఫోటోగ్రాఫర్ల పనిని గ్యాలరీల నుంచి ఏరి చూపే ‘ఎల్’ మార్గం పట్టుకోండి. 2018 నుంచి నడుస్తోంది. దాన్ని కూడా ఒక క్యూరేటరే ఎంపిక చేస్తారు కాబట్టి దారి తప్పదు.

బస విషయంలో నా సలహా ఒక్కటే: మెట్రో ఒకటో లైను వెంబడి చూసుకోండి. నేను వెన్సెన్ వైపు దిగాను. గదిలో హీటరు రెండు రాత్రులు పనిచేయలేదు, చెప్పినా పట్టించుకోలేదు. నవంబరు చలికి అది చిన్న లోపం కాదు. కానీ గ్రాండ్ పాలే పక్కనే ఉన్న షాంజెలీజే క్లెమాన్సో స్టేషనుకు రైలు మారకుండా చేరుకోవచ్చు. అదే లైనులో సెయింట్ పాల్‌లో దిగితే ఐరోపా ఛాయాచిత్ర భవనం అనే ఫోటోల మ్యూజియం నడిచేంత దూరం. సంతలో కాళ్లు పీకితే గ్రాండ్ పాలేకు ఎదురుగా ఉన్న పెతీ పాలే మ్యూజియానికి వెళ్లండి. శాశ్వత సేకరణ చూడటానికి టికెట్టు అక్కర్లేదు.

మళ్లీ వెళితే క్యూరేటర్ నడకను మొదటి రోజు ఉదయానికే పెట్టుకుంటాను. ఈసారి మాత్రం ఆవిడ వెళ్లిపోయాక, మూసేవేళ వరకూ జాండర్ గోడ దగ్గరే ఉండిపోయాను.