ఈకోలో పడక వేసుకున్నాక: సి-బుక్, ఇన్సూరెన్స్ సంగతులు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐదు సీట్ల మారుతి ఈకోను చిన్న క్యాంపర్‌గా చేసుకుని కొన్నేళ్లుగా హైదరాబాద్ నుంచి తిరుగుతున్నాం, నేనూ మా ఆవిడా. శ్రీశైలం, లక్నవరం, గండికోట, సూర్యలంక, హంపి అన్నీ ఇందులోనే. బండి చూసినవాళ్లు పరుపు గురించీ ఫ్యాన్ గురించీ అడుగుతారు. వాటికి జవాబు చెప్పడం తేలికే. సి-బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) రాసిందీ, ఇన్సూరెన్స్ పాలసీలో రాసిందీ, బండిలో ఉన్నదీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ సమీక్ష దాని గురించే.

బండి గురించి రెండు ముక్కలు. పొడవు 3,675 మిల్లీమీటర్లు, ఎత్తు 1,825. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి వెనక నేల చదునుగా ఖాళీగా దొరుకుతుంది. పక్క తలుపులు జరిపేవి కావడంతో ఇరుకు చోట ఆపినా దిగొచ్చు. పగలంతా నడిపాక ఆ ఇంజిన్ వేడి సీట్ల కిందే ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదయ్యేదాకా లోపల పడుకోలేం. మిగతా కాలమంతా హాయిగా ఉంటుంది.

వెనక సామాన్ల చోట ప్లైవుడ్ పెట్టెలు రెండు. వాటి మూతలు విప్పితే పలకలు ముందుకు పరుచుకుని మంచమవుతాయి. రోడ్డు మీద ఉన్నంతసేపూ వెనక సీటు, బెల్టులు కంపెనీ ఇచ్చిన చోటే, కంపెనీ బోల్టులతోనే ఉంటాయి. మకాం వేశాక స్పానర్‌తో బోల్టులు విప్పి సీటును బయటికి దించుతాం. టార్పాలిన్ కింద సాయంత్రం అదే మా సోఫా. పొద్దున బయల్దేరే ముందు మళ్లీ బిగిస్తాం. ఇంత తిప్పలు ఎందుకు, ఆ సీటు ఇంట్లో పడేసి రావచ్చు కదా అని మా బావమరిది ప్రతిసారీ అంటాడు. సి-బుక్‌లో ఐదు సీట్లని ఉంది. రోడ్డు మీద బండిలో ఐదు సీట్లే ఉండాలి.

చట్టం ఏం చెబుతుందో ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ సి-బుక్‌లోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెప్పింది: బండి మౌలిక లక్షణాన్ని మార్చేసే నిర్మాణపు మార్పు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని భాగాలు బిగించి బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పైకప్పు కోసి ఎత్తు పెంచడం, పక్క రేకుకు కిటికీ కోయడం, సీట్లు శాశ్వతంగా తీసేయడం లాంటివన్నీ దీని కిందికి వస్తాయి. విడిగా పెట్టి తీసుకునే పెట్టె రాదు.

చదివి ఊరుకోకుండా బండి తీసుకుని మా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాను. ఏజెంట్లు గేటు దగ్గరే చుట్టుముట్టారు, "క్యాంపర్ అని ఎక్కించేస్తాం సార్, మాకొదిలేయండి" అన్నారు. నేను నేరుగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికే వెళ్లాను. ఆయన వెనక తలుపు ఎత్తి, పెట్టె మీద చెయ్యి వేసి అటూ ఇటూ ఊపారు. "ఇది ఊడుతుందా?" అన్నారు. నేనూ పక్కనున్న డ్రైవరూ కలిసి పెట్టెను కిందకి దించాం. అప్పుడాయన వంగి, మ్యాట్ పైకెత్తి, సెల్‌ఫోన్ టార్చి వేసి నేలంతా చూశారు. కొత్తగా డ్రిల్ చేసిన రంధ్రాలు ఉన్నాయా అని వెతికారు. లేవు. సీటు బోల్టులు తాకి చూసి, "ఇది సామాను. దీనికి నా దగ్గర కాగితం అక్కర్లేదు. సీటు తీసేసి రోడ్డెక్కితే మాత్రం మీకు ఇబ్బంది, రేకు కోస్తే ఇంకా ఇబ్బంది" అన్నారు. క్యాంపర్ వ్యాన్ అన్న తరగతి లేదా అంటే, ఉందన్నారు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అని వేరే తరగతి ఉంది, కానీ దానికి పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఆమోదించిన డిజైన్ కావాలన్నారు. ఒక్క బండి కోసం ఆ ఖర్చు పెట్టుకోవడం నాకు దండగ అనిపించింది. మా ఈకో సి-బుక్‌లో ఇప్పటికీ మోటార్ కారే.

ఆర్టీఏ పని అలా తేలికగా తేలింది. ఇన్సూరెన్స్ దగ్గర సరిగ్గా దీనికి తలకిందులు. వదులుగా ఉన్నది సామాను కాబట్టి ఆర్టీఏ పట్టించుకోదు. సామాను కాబట్టే ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదు. మోటార్ పాలసీ కాపాడేది బండినీ, దానికి బిగించి పాలసీలో రాయించిన యాక్సెసరీలనూ. పరుపు, స్టవ్, పెట్టెల్లోని బట్టలు దాని లెక్కలోకి రావు. ఇది తెలిశాక సామాన్లను రెండు వాటాలు చేశాను. ఖరీదైన కరెంటు సామాను, అంటే 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ, ఛార్జరు, లైట్లు, ఫ్యాను, ఇవన్నీ బండికి ముందునుంచీ ఉన్న బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ వేసి బిగించి పాలసీలో రాయించాను. చెక్క పెట్టెలు వదులుగానే ఉంచాను. విరిగితే మన ఖర్చు. సోలార్ ప్యానెల్ పైకప్పుకు బిగించలేదు. మడిచేది కొని, ఆగినచోట ఎండలో నేల మీద పరుస్తాం.

పాలసీలో రాయించడమే ఎక్కువ ఓపిక అడిగింది. కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో "నో ప్రాబ్లమ్ సర్, అన్నీ కవర్ అవుతాయి" అన్నారు. ఆ మాట మెయిల్‌లో పెట్టండి అంటే మౌనం. నేనే బిల్లులు, ఫొటోలు, వైరింగ్ బొమ్మ, ఫ్యూజ్ ఎక్కడుందో చూపించే ఫొటో జతచేసి మెయిల్ పంపాను. తర్వాత కంపెనీ మనిషి వచ్చి బండి చూసుకుని వెళ్లాడు. చివరికి ఎలక్ట్రికల్ యాక్సెసరీలు, విలువ 30,000 అని ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే కాగితం, వచ్చింది. పాత మోటార్ టారిఫ్ లెక్కలో వీటి మీద విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. నా దగ్గరా అంతే, 1,200, దాని మీద జీఎస్టీ. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, మాత్రం మామూలు కారుదే. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య బండికి 2022 జూన్‌లో పెట్టిన రేటు 3,416. సొంతదారు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలది ఎలాగూ ఉండాల్సిందే.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఇంకో మాట. అమ్మినాయన పాలసీ థర్డ్ పార్టీ వరకు మీకు సంక్రమిస్తుంది గానీ, మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాసివ్వాలి. ఓనరు మార్పు ఫారాలు 29, 30 ఆర్టీఏలో ఇచ్చేశాం, అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఇన్సూరెన్స్ పాత ఓనరు పేరునే ఉండిపోతే, మీ బండికి దెబ్బ తగిలిన రోజున ఆ కాగితం మీకు పనికిరాదు.

దెబ్బ మాకు తగిలింది. కల్వకుర్తి దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర మేం స్లో చేస్తే వెనక డీసీఎం వ్యాన్ వచ్చి గుద్దింది. వెనక తలుపు లోపలికి వంగింది, అద్దం పొడైంది, ఒక పెట్టె పగిలి బ్యాటరీ మీదికొచ్చి దాని డొక్క చీల్చింది. మాకేం కాలేదు, దేవుడి దయ. వర్క్‌షాప్‌కు నష్టం లెక్కకట్టడానికి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ పాలసీ కాగితం చేతిలో పట్టుకుని, ఎండార్స్‌మెంట్‌లో రాసిన బ్యాటరీ సీరియల్ నంబరును బ్యాటరీ మీద ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకున్నాడు. వైరుకు ఫ్యూజ్ ఉందా లేదా చూశాడు. పెట్టె చెక్క ముక్కలను పక్కకు జరిపి, "ఇవి పాలసీలో లేవు కదా సార్" అన్నాడు. లేవు, నేను అడగనూ లేదు.

లెక్క ఇలా వచ్చింది. అద్దానికి తరుగు (పాతబడినందుకు వేసే కోత) లేదు, మొత్తం ఇచ్చారు. తలుపు రేకుకు, బండి వయసు ఐదేళ్లు దాటింది కాబట్టి, 40 శాతం కోత. బ్యాటరీకి, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం. రంగులో మెటీరియల్ ఖర్చుకూ సగం. ఈ సైజు కార్లన్నిటికీ ఉండే తప్పనిసరి కోత 1,000 రూపాయలు. అక్కడిదాకా న్యాయమే, ముందే రాసున్న లెక్క. కానీ డబ్బు చేతికి రావడానికి వాళ్లు పెట్టిన ఆలస్యం మాత్రం అన్యాయం. ఇచ్చిన ఫొటోలే మళ్లీ మళ్లీ అడిగారు, ఫోన్ చేసినప్పుడల్లా కొత్త మనిషికి కథ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ఎండార్స్‌మెంట్ కాగితం లేకపోతే బ్యాటరీ మాట అటుంచి, బండిని మార్చారన్న సాకుతో మొత్తం క్లెయిమే ఆపేసేవాళ్లని నాకు గట్టి నమ్మకం. ఆ 1,200 నేను పెట్టిన ఖర్చుల్లోకెల్లా మంచి ఖర్చు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోయింది, అది మళ్లీ 20 శాతం నుంచి మొదలవుతుంది. అందుకే చిన్న సొట్టలకు క్లెయిమ్ పెట్టను.

గ్యాస్ విషయంలో మేం కఠినం. వంట ఎప్పుడూ బయటే, సిలిండరు కూడా రాత్రి బయటే. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుని ఉంటుంది. కిటికీలు మూసిన చిన్న వ్యాన్‌లో అది పరుపు కిందే చేరుతుంది.

ఒక స్నేహితుడు వారానికి అద్దెకివ్వమని చాలాసార్లు అడిగాడు. ఇవ్వలేదు. తెల్ల నంబరు ప్లేటు బండి, సొంత వాడకానికి రాసిన పాలసీ. డబ్బు తీసుకుని ఇస్తే ఆ రోజు జరిగే ప్రమాదానికి కవర్ ఉండదు, లోపలున్న పిల్లలకు ఏదైనా అయితే ఆ బాధ్యత జీవితాంతం మనదే. స్నేహంగా ఊరికే తీసుకెళ్లమన్నాను, లైసెన్స్ కాపీ నాకు పంపి తీసుకెళ్లాడు.

సింక్, టాయిలెట్, నిలబడేంత ఎత్తు కావాలనుకునేవాళ్లకు నా పద్ధతి సరిపోదు. అలాంటివాళ్లు ఈకోను కోయించొద్దు. ఆమోదం ఉన్న డిజైన్‌తో కట్టే బాడీ బిల్డర్‌ను వెతుక్కుని, ఆమోద పత్రం నంబరు ముందే చూసి, సి-బుక్‌లో క్యాంపర్ వ్యాన్, సొంత వాడకం అని ఎక్కాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఆటోనగర్‌లో ఎంత బాగా కట్టినా, ఆ ఆమోద పత్రం లేనిదే అడ్వాన్స్ ఇవ్వొద్దు. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు అనుమతి కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ మాత్రం చెక్క కోయక ముందే వెళ్లాలి.