తొక్కాలా, ఓర్చుకోవాలా?

అనంతపురంలో మా మెకానిక్ షెడ్డులో తెగని వాదన ఇది: ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ కార్ల రేసు గెలిచేది వేగమా, నిలకడా?

ఖర్చు: తొక్కితే టైర్లు, బ్రేకులు, ఇంధనం నీళ్లలా పోతాయి. ఓర్చుకుంటే పిట్‌లో, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చి ఇంధనం పోసే చోట, ఆగడం తగ్గుతుంది.

శ్రమ: దేనికైనా ముగ్గురు డ్రైవర్లు, రాత్రంతా జాగారమే.

ప్రమాదం: అసలు కథ ఇక్కడుంది. 2010లో వేగం ప్యూజో కంపెనీ కార్లది. నాలుగూ మధ్యలోనే ఆగిపోయాయి, మొదటి మూడు స్థానాలూ ఆడి కంపెనీ ఎత్తుకుపోయింది. 2016లో ముందున్న టొయోటా ఇంకో మూడు నిమిషాలుందనగా చతికిలబడింది. మా పెద్దమేస్త్రీ ఇప్పటికీ నెత్తి కొట్టుకుంటాడు.

అయితే 2011లో ఆడి గెలిచింది 13.8 సెకన్ల తేడాతోనే. అలా వెన్నంటి తరుముతుంటే తొక్కాల్సిందే, అదీ టెస్టుల్లో నలిగిన బండైతేనే. కొత్త ఇంజను, చిన్న జట్టా? ఓర్చుకో సామీ.