ఒంటరి పాఠమా, క్వాయరా?

ఎంవీపీ కాలనీలో మా టీచరుగారి దగ్గర రెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. నిరుడు క్రిస్మస్‌కి స్నేహితురాలు పిలిస్తే చర్చి క్వాయర్‌లోనూ, అంటే బృందగానంలోనూ చేరాను. రెండు చోట్లా పాడటమే, కానీ గొంతుకి పడే పని వేరు.

పాఠంలో మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే మొదట నేర్పే స్వర సాధన, మూడు కాలాల్లో (వేగాల్లో). శ్రుతిపెట్టె ముందు నేనొక్కదాన్నే. శుద్ధ రిషభం (ఈ రాగంలోని 'రి' స్వరం) కాస్త పైకి జారినా టీచరుగారు ఆపేసి "మళ్లీ అనమ్మా" అంటారు. తప్పు దాక్కోడానికి చోటుండదు.

క్వాయర్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగు వరసలు. నాది ఆల్టో. పక్కన సొప్రానోలు అసలు వరస పాడుతుంటే నా గొంతు అటే వెళ్లిపోయేది. వాళ్లని వింటూనే నా వరస వదలకుండా పాడటానికి నెల పట్టింది. అలవాటుకొద్దీ గమకం (స్వరాన్ని ఊపుతూ పాడటం) వచ్చేస్తే పక్కవాళ్లతో కలవదు. స్వరం కదలకుండా నిలబడాలి. పొడవాటి చరణాల్లో పాట తెగకుండా ఊపిరి కూడా ఒకరి తర్వాత ఒకరం తీసుకుంటాం. ఇది పాఠంలో ఎప్పుడూ నేర్చుకోలేదు.

స్టేజీ టెన్షన్ క్వాయర్‌లోనే తక్కువ. అయినా కొత్తవాళ్లని ముందు పాఠాలకే వెళ్లమంటాను. శ్రుతి నిలిచాకే ఆల్టో వరస నా చేతికొచ్చింది. క్రిస్మస్ రాత్రి నాలుగు వరసలూ ఒక్కసారిగా కలిసినప్పుడు ఒళ్లు ఝల్లుమంది.