ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్: అడవి దుంగలతో కట్టిన బస

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ పక్కనే ఉన్న ఈ బసలో మేము రెండు రాత్రులు ఉన్నాము. ఇక్కడ దిగదలచినవారు గది కన్నా ముందు లాబీని చూడాలని నా సలహా. తలుపు దాటి లోపలికి అడుగుపెట్టి తల పైకెత్తితే, దాదాపు 76 అడుగుల ఎత్తున పైకప్పు, దాని కిందుగా అంతస్తులవారీగా దుంగల వసారాలు, వాటిని మోస్తున్నట్టు కనిపించే వంకర కొమ్మలు, మధ్యలో సుమారు 500 టన్నుల రాతితో లేచిన ఫైర్‌ప్లేస్ ఒక్కసారిగా కనిపిస్తాయి.

రాబర్ట్ రీమర్ అనే యువ వాస్తుశిల్పి దీనికి రూపకల్పన చేయగా, 1904లో ఇది ప్రారంభమైంది. లాడ్జ్‌పోల్ పైన్ దుంగలనూ రయొలైట్ రాతినీ చుట్టుపక్కల నుంచే తెచ్చారు. వడ్రంగి సాధారణంగా పక్కన పడేసే బుడిపెల కొమ్మలను ఇక్కడ ఏరికోరి తెచ్చి పిట్టగోడలకు ఆనుగా నిలబెట్టారు. దుంగల బెరడును 1940లో ఒలిచేశారు. రెండో అంతస్తు వసారాలో ఒక స్తంభాన్ని దగ్గరగా చూసినప్పుడు, బెరడు కింద పురుగులు తొలిచిన సన్నని వంకర గాడులు కనిపించాయి. వేలితో తడుముతూ నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

అయితే, ఈ అడవితనం తనంతట తాను వచ్చినది కాదన్న సంగతి కూడా తెలుసుకుని చూడాలి. దీనికి పెట్టుబడి వచ్చింది నార్తర్న్ పసిఫిక్ రైల్వే నుంచి. రైలెక్కి వచ్చే సంపన్న ప్రయాణికుల కోసం మొదటి రోజునుంచే ఇందులో విద్యుద్దీపాలు, ఆవిరితో గదులను వెచ్చబరిచే ఏర్పాటు ఉన్నాయి. మనిషి అడుగుపెట్టని అడవి మధ్యన ఉన్నామన్న అనుభూతిని ఎంతో నేర్పుతో నిర్మించి ఇచ్చారన్నమాట. నిజానికి ఈ నేలమీద షోషోనీ జాతికి చెందిన టుకుడికా ప్రజలు తరతరాలుగా కొండగొర్రెలను వేటాడుతూ బతికారు. 1872లో ఉద్యానవనం ఏర్పడిన తరువాత వారికి ఇక్కడ చోటు లేకుండా పోయింది. ఇంత అందమైన కట్టడంలో కూర్చుని ఆ సంగతి తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. ఆ కథను ఈ లాబీలోనే పర్యాటకులకు చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఇక వసతుల విషయానికి వస్తే, పాత భాగంలోని గదులు చాలావాటికి విడిగా స్నానాల గది ఉండదు, నడవా చివర ఉన్నదాన్ని అందరూ వాడుకోవాలి. టీవీ, ఏసీ ఉండవు. పెద్దవాళ్లతో వెళ్లేవారు 1913-14లోనూ 1927-28లోనూ చేర్చిన రెండు పక్క భాగాల్లో గది తీసుకోవడం మేలు. మాకు పాత భాగంలోని దుంగ గోడల గదే నచ్చింది, రాత్రి దీపం ఆర్పాక కూడా పైన్ వాసన వస్తూనే ఉంది.

పైకప్పు దగ్గర, ఒకప్పుడు వాద్యకారులు కూర్చుని వాయించిన చిన్న చెక్క గూడు కనిపిస్తుంది. 1959 భూకంపం తరువాత అక్కడికి అతిథులను వెళ్లనివ్వడం లేదు. గది దొరకనివారు నిరాశపడనవసరం లేదు, వేసవిలో బస తెరిచి ఉన్నన్నాళ్లూ లాబీలోకి ఎవరైనా రావచ్చు. జనం పెరగకముందే, ఉదయాన్నే వెళ్లి రెండో అంతస్తు వసారాలో కూర్చోండి.